ఇష్టశత్రువు : ఒక సంజ్ఞావిచారము

శాస్త్రమునందు సూత్రార్థము మాఱినపుడు సంజ్ఞ యేమి కావలయునను ప్రశ్నము వైయాకరణులకు క్రొత్తది కాదు. సంజ్ఞను నిలిపి యర్థమును మార్చుట యొక పక్షము; అర్థముతోడనే సంజ్ఞనుగూడ మార్చుట రెండవ పక్షము; ప్రాతదానిని ప్రాతపేర నిలిపి క్రొత్తదానిని వికల్పముగా చెప్పుట మూడవ పక్షము. ఈ మూడు పక్షములును ఒక్క యేబదియేండ్లలోపల, ఒక్క గ్రంథపరంపరలో, ఒక్క విషయమును గుఱించియే యవలంబింపబడిన యుదాహరణము మన వ్యాకరణములందు దొరకుట యరుదు. అట్టిది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను నాంగ్లక్రీడాగ్రంథమునందు దొరకుచున్నది. అందుచేత నా గ్రంథమునందలి వర్గనియమముల మార్పులను శాస్త్రదృష్టితో విమర్శించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

క్రీడాస్వరూపము నెఱుగని పాఠకులకొఱకు నాలుగు మాటలు చెప్పవలసియున్నది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, లేక్ జెనీవా పట్టణమునుండి, 1974 సంవత్సరమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని మూడు చిన్న పుస్తకములుగా వెలువరించిరి. నలుగురైదుగురు బల్లచుట్టును గూర్చుందురు. అందొకడు కథను నడపువాడు; వానిని సూత్రధారుడనవచ్చును. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, తమ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. ఆ చేయునది ఫలించునో లేదో పాచిక నిర్ణయించును. మన పులిజూదములో పులికొక నడకయు మేకకొక నడకయు నున్నట్లు, ఇందు ప్రతిపాత్రకును దాని వర్గమునుబట్టి వేఱువేఱు నియమములుండును. మొదట యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అని మూడే వర్గములు. 2014, 2024 సంవత్సరముల కూర్పులలో నవి పండ్రెండు. పాత్ర మొదటి స్థాయినుండి యిరువదవ స్థాయివఱకు పెరుగుచుండగా, నాయాస్థాయియందు వర్గనియమము క్రొత్తశక్తుల నిచ్చుచుండును.

ఈ గ్రంథమునకు సూత్రగ్రంథలక్షణములు పెక్కు కలవు. సామాన్యనియమముతో విశేషనియమము విరోధించినచో విశేషమే బలీయమని 2014 నాటి కూర్పు ప్రారంభముననే స్పష్టముగా చెప్పబడినది. ఇది మన యుత్సర్గాపవాదన్యాయమే. సందేహములకు సమాధానములు చెప్పుటకు 'డ్రాగన్' అను పత్రికలో 'సేజ్ అడ్వైస్', అనగా ఋషి చెప్పిన సలహా యను శీర్షిక పెక్కేండ్లు నడచినది. 2014 కూర్పునకును ఆ పేరుతోనే సమాధానసంగ్రహము వెలువడినది. సూత్రము, దానికి శేషపూరణము, సందేహనివారణము అను మూడంగములు నిట్లమరినవి. అట్లగుటచే దీనిని శాస్త్రమును విమర్శించు పద్ధతినే విమర్శించుట యన్యాయము కాదు.

పండ్రెండు వర్గములలో మార్పులచేత మిక్కిలి నలిగినది 'రేంజరు'. ఈ పదము మనకును పరిచితమే. అటవీశాఖలో నీ పేరిటి యుద్యోగి యున్నాడు. అడవులను గాచుచు దిరుగువాడను మూలార్థము రెండుచోట్లను సమానము. క్రీడలోని రేంజరునకు టోల్కీన్ కథలోని అరగార్న్ అను వీరుడు మూలరూపము. ఈ వర్గము మొదట 1975లో 'స్ట్రటీజిక్ రివ్యూ' అను పత్రికలో ప్రకటింపబడి, 1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' అను గ్రంథమున స్థిరపడెను. ఆ గ్రంథము ప్రకారము రేంజరు ధర్మపక్షమువాడై యుండవలయును. తాను మోయగలిగినంత సొత్తే యుంచుకొనవలయును. ముగ్గురికి మించి రేంజర్లు కలసి తిరుగరాదు. దానవవర్గమునకు జేఱిన శత్రువులను గొట్టునపుడు స్థాయి కొకటి చొప్పున వానికి గాయములో నధికసంఖ్య చేరును. రేంజరు స్వభావమంతయు నీ యొక్క నియమమునుండి మొలచినదే: ఇతడు ఎల్లరతోడను పోరువాడైనను ఒక జాతికి ప్రత్యేకవైరి.

తరువాతి కూర్పులలో నీ వైరమెట్లు నడచినదో వరుసగా జూతము. 1989 కూర్పున దానవవర్గ నియమము తొలగినది. రేంజరు తానొక జాతిని శత్రువుగా నెన్నుకొనును. ఆ జాతివానిని గొట్టు పాచికకు నాలుగు కలియును. 2000 కూర్పున దీనికి 'ఫేవర్డ్ ఎనిమీ' యను పేరు నెలకొన్నది. దీనిని 'ఇష్టశత్రువు' అని తెలుగు చేయుదును. ఇష్టదైవమువలె నెన్నుకొనబడి, పాత్రతో ననుబంధము గలిగియుండుటచే నీ పేరు తగియున్నది. అప్పుడు ఫలము గాయమునందును, వినుట చూచుట మొదలగు నైపుణ్యములందును గలదు. 2003 నాటి పరిష్కృతకూర్పునను నర్థమదియే. సంఖ్యలు మాత్రము పెరిగినవి. అనగా పేరు 2000లో స్థిరపడినను, దాని యర్థము 1978 నుండియు నొకటే: ముందుగా నిర్ణీతమైన జాతి, ఆ జాతిపై నధికబలము.

2008 నాటి నాలుగవ కూర్పు ఈ పరంపరను త్రెంచెను. అందలి రేంజరు ముందుగా నే జాతినిని నెన్నుకొనడు. యుద్ధరంగమున తనకు సమీపమున నున్న శత్రువును గుఱిగా జేసికొనును. ఆ గుఱిపై నధికగాయము చేయును. ఆ కూర్పు పెక్కుమంది క్రీడాకారులకు రుచింపలేదు. రుచించుట, రుచింపకుండుట యనునది వేఱు. ఇచ్చట గమనింపవలసిన దొక్కటి. ఆ కూర్పువారు ఈ శక్తికి 'హంటర్స్ క్వారీ', అనగా 'వేటగాని గుఱి' యని పేరు పెట్టిరి. అర్థము మాఱినది గనుక సంజ్ఞను మార్చిరి. ప్రాతగ్రంథము చదివినవానికి భ్రాంతి లేదు. క్రొత్తగ్రంథము చదువువానికి శంక లేదు. ఇది పైని జెప్పిన రెండవ పక్షము.

2014 నాటి అయిదవ కూర్పు ఇష్టశత్రువును మఱల దెచ్చెను. కాని పేరు వచ్చినంతగా బలము రాలేదు. ఎన్నుకొన్న జాతి జాడలను గనిపెట్టుటయందును, దానిని గుఱించి తెలిసిన విషయములను స్మరించుటయందును సౌకర్యము గల్గును. ఒక భాష వచ్చును. కొట్టుటయందు మాత్రము ఇరువదవ స్థాయివఱకు దానివలన లాభము లేదు. పైగా కథ యెటు పోవునో తెలియకమున్నే మొదటి స్థాయిలో జాతిని ఎన్నుకొనవలయును. సముద్రముపై నడచు కథలో శవభూతములను శత్రువులుగా నెన్నుకొన్నవాడు వట్టిచేతులతో నిలుచును. అట్లే 'నేచురల్ ఎక్స్‌ప్లోరర్' అను శక్తి, ఎన్నుకొన్న ప్రదేశమున దారి తప్పకుండుట, రెట్టింపు ఆహారము సంపాదించుట మొదలగు ఫలముల నిచ్చినది. ఆ ప్రదేశమున ప్రయాణకష్టమే లేకుండబోవును. ఇతరప్రదేశమున నా శక్తియే లేకుండబోవును. ఒకచోట నతివ్యాప్తి, మఱొకచోట నవ్యాప్తి. మార్పు కావలయునని క్రీడాకారులు మొఱపెట్టుటకు న్యాయమైన కారణము కలదు. ఈ విషయమున విప్రతిపత్తి లేదు.

మార్పులు మూడుమార్లు వచ్చినవి. 2016లో పరీక్షార్థమొక ప్రతి ప్రకటింపబడెను. అందు ఎన్నుకొన్న జాతిపై గాయమునకు రెండు చేర్చిరి. అనగా పేరు నిలిపి, దాని పూర్వార్థమును దానికి మఱల నిచ్చిరి. అది పరీక్షాప్రతిగనే యుండిపోయినది, ముద్రితగ్రంథమున కెక్కలేదు. 2020లో వెలువడిన 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' అను ననుబంధగ్రంథమున 'ఫేవర్డ్ ఫో' యను క్రొత్తశక్తి వచ్చెను. కొట్టిన శత్రువు నే జాతివానినైనను గుర్తించి, మొదటిస్థాయిలో నాలుగుముఖముల పాచికయంత యధికగాయము చేయుట దీని ఫలము. ఇది ఇష్టశత్రువునకు బదులుగా వచ్చునదియే యనియు, సూత్రధారుడంగీకరించిననే చెల్లుననియు నచ్చటనే చెప్పబడినది. 'ఎనిమీ', 'ఫో' యను రెండును శత్రువాచకములే యైనను సంజ్ఞలు వేఱు. ప్రాతది ప్రాతపేర నున్నది; క్రొత్తది క్రొత్తపేర నున్నది; వికల్పము ప్రకటితమైనది. ఇది మూడవ పక్షము; మూడింటిలో నుత్తమమని నా యభిప్రాయము.

ఇక 2024 కూర్పు. ఇందలి రేంజరునకు మొదటి స్థాయిలో 'ఫేవర్డ్ ఎనిమీ' యను శక్తి కలదు. ఆ శీర్షికక్రింద నున్న యర్థమిది: 'హంటర్స్ మార్క్', అనగా 'వేటగాని గుఱుతు' అను మంత్రము వానికి సర్వదా సిద్ధముగా నుండును, మంత్రబలము వ్యయము కాకుండ మొదట రెండుసారులును, స్థాయి పెరుగుకొలది యధికముగను దానిని బ్రయోగింపవచ్చును. ఆ మంత్రము కనుల కగపడు నే ప్రాణిమీదనైనను బ్రయోగింపదగినది. జాతి లేదు, ఎన్నిక లేదు, పూర్వవైరము లేదు. నేడు గుఱుతు వేసినవాడు నేటికి శత్రువు. వాడు చచ్చినంతనే గుఱుతు మఱొకనిపైకి పోవును. అర్థము 2008 నాటి వేటగాని గుఱికి దాయాది. పేరు మాత్రము 2000 నాటి ఇష్టశత్రువు. సంజ్ఞను నిలిపి యర్థమును మార్చుట యను మొదటి పక్ష మిదియే. ఆ మూడింటిలో నిది యధమము.

ఇచ్చట నొక యాక్షేపము. "శబ్దములు రూఢిచేత నర్థము మార్చుకొనుట లోకసిద్ధము. కుశలశబ్దము దర్భలు గోయువాడను యోగార్థమును విడిచి నేర్పరి యను నర్థమున వర్తించుచున్నది గదా. ఇష్టశత్రువును నట్లే రూఢియైనదనరాదా?" అందురేని, సమాధానము: రూఢి యనునది ప్రయోక్తల వ్యవహారముచేత కాలక్రమమున సిద్ధించునది. ఒక గ్రంథకర్త యొకనాడు శాసించినంతమాత్రమున సిద్ధించునది రూఢి కాదు; అది పారిభాషికసంజ్ఞ. పారిభాషికసంజ్ఞకు లక్షణము వేఱు. అది సందేహమును బోగొట్టుటకు పుట్టినది. సందేహమును బుట్టించినచో దాని ప్రయోజనమే చెడినట్లు. పాణిని యంతటివాడు ప్రత్యాహారసూత్రములలో ణకారమును రెండుచోట్ల ననుబంధముగా నుంచినందులకే, అణ్, ఇణ్ అనుచోట్ల నే ణకారమును గ్రహింపవలయునో నిశ్చయించుటకు వ్యాఖ్యాతలు శ్రమపడవలసివచ్చెను. అతడు మహర్షి గనుక వ్యాఖ్యానపరంపర యా సందేహమును దీర్చినది. ఈ క్రీడాకారులకు బల్లయొద్ద నట్టి యవకాశము లేదు. ఒకరిచేత 2014 పుస్తకము, మఱొకరిచేత 2024 పుస్తకము నుండగా, ఇష్టశత్రువనిన నేది యని యడిగినచో నిరువురును సత్యమే చెప్పుచు నొకరినొకరు ఖండింతురు.

రెండవ యాక్షేపము: "పేరెట్లున్నను ఫలము బాగున్నచో జాలదా? 2014 రేంజరుకంటె 2024 రేంజరు బలవంతుడు." ఇది కొంత సత్యము. మొదటి స్థాయినుండియే వీనికి మంత్రములు గలవు, ఆయుధవిశేషములు గలవు, ఎన్నిక తప్పినందువలన గలుగు నష్టము లేదు. కాని యీ ఫలమును సూక్ష్మముగా బరిశీలించిన నందును దోషము గనబడుచున్నది. వేటగాని గుఱుతునకు ఏకాగ్రత కావలయును. ఏకాగ్రత కావలసిన మంత్రములను రెంటిని నేకకాలమున నిలుపరాదని సామాన్యనియమము. రేంజరునకు దగిన మంచిమంత్రములు, ముండ్లనేలను బుట్టించు 'స్పైక్ గ్రోత్', మృగముల నాహ్వానించు 'కంజ్యూర్ ఎనిమల్స్', జాడ తెలియకుండ నడపు 'పాస్ వితౌట్ ట్రేస్', ఇవన్నియు నేకాగ్రతను గోరునవే. వర్గము తన ముఖ్యశక్తిని వాడినచో తన మంత్రములను విడువవలయును. మంత్రములను వాడినచో ముఖ్యశక్తిని విడువవలయును. పదుమూడవ స్థాయిలో గాయము తగిలినను గుఱుతునందలి యేకాగ్రత చెడదని యొక యపవాదము చెప్పిరి. అది దెబ్బనుండి రక్షించునే కాని యీ పరస్పరవిరోధమునుండి రక్షింపదు. ఇరువదవ స్థాయిలో, అనగా శిఖరమున, లభించు ఫలమేమనగా గుఱుతు వేసిన శత్రువునకు చేయు నధికగాయమున ఆఱుముఖముల పాచికకు బదులు పదిముఖముల పాచిక. మొదటిదాని సగటు 3½, రెండవదాని సగటు 5½. దెబ్బకు రెండు మిగిలినది. శిఖరమెక్కినవానికి నిది గొప్ప ఫలమని చెప్పజాలము.

ఈ దోషమునకును సంజ్ఞాదోషమునకును సంబంధము గలదు. ఇష్టశత్రువను పేరు పాత్ర స్వభావమును దెలుపునది: వీడెవనిని ద్వేషించును, ఏల ద్వేషించును? అది యెప్పుడును వ్యయము గాదు. దానికి నేకాగ్రత యక్కఱలేదు. మనుష్యుని పగ కేకాగ్రత యెందులకు? వేటగాని గుఱుతు క్రియను దెలుపునది. అది చేసినపుడే యుండును. స్వభావమును దెలుపు పేరును క్రియకు దగిలించినందున, వర్గమునకు స్వభావస్థానమున శూన్యమేర్పడినది. ఆ శూన్యమును గప్పుటకు గుఱుతునే పదుమూడవ, పదునేడవ, ఇరువదవ స్థాయిలకు లాగవలసివచ్చినది. పేరును ముందు సరిచూచుకొన్నచో నీ శూన్యము వ్రాయువారికే కనబడియుండెడిది.

2024 కూర్పులో నన్నిమార్పులు నిట్టివే యనుట యన్యాయము. 2014లో ఉపవర్గమును ఎన్నుకొను స్థాయి వర్గమునుబట్టి మాఱుచుండెను. పురోహితుడు మొదటి స్థాయిలోను, మాంత్రికుడు రెండవస్థాయిలోను, యోధుడు మూడవస్థాయిలోను నెన్నుకొనెడివారు. 2024లో నందఱకును మూడవస్థాయియే నియతమైనది. లాఘవము గలిగినది, నియమము స్పష్టముగా బ్రకటితమైనది, ఉపవర్గమను సంజ్ఞ కర్థము మాఱలేదు. మూడవస్థాయివఱకు పురోహితుని విశేషక్షేత్రమేదో తేలకుండుట లోకదృష్టికి వెలితియే. కాని యది నియమము ఫలమును గుఱించిన యభిప్రాయభేదము. ఎవడును భ్రాంతిపడడు. మార్పు దుష్టమగుట వేఱు. మార్పు గుప్తమగుట వేఱు. మొదటిదానిని వాదించి సరిచేయవచ్చును. రెండవది వాదమునకే యందదు.

ఇంకొక విషయము మన పరిషత్తువంటి గ్రంథపరిశోధకసంస్థలు తప్పక గమనింపదగినది. ఈ క్రీడను బ్రకటించు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థవారు 'డీ అండ్ డీ బియాండ్' అను నంతర్జాలస్థానమున గ్రంథములను విక్రయించి, పాత్రల పత్రములను నడపుచున్నారు. 2024 ఆగస్టు నెలలో, క్రొత్తకూర్పు వెలువడుటకు ముందు, ఆ స్థానమునందలి పాత్రపత్రములలో 2014 నాటి మంత్రములకును మంత్రవస్తువులకును బదులు 2024 నాటి పాఠములు వచ్చునని ప్రకటించిరి. అనగా పేరు యథాతథముగా నుండును. చదువరి యుంచుకొన్న ప్రతిలో పాఠము మాత్రము తనంతట మాఱును. క్రీడాకారులు తీవ్రముగా నాక్షేపింపగా, కొలదిదినములలోనే సంస్థవా రా నిర్ణయమును విడిచి, ప్రాతపాఠములను గూడ నిలుపుదుమని చెప్పిరి. అంతకుముందే, 2023 జనవరిలో, అయిదవకూర్పు మూలనియమముల సంగ్రహమును క్రియేటివ్ కామన్స్ అను సార్వజనికానుమతిక్రింద విడిచియుండిరి. 2014 రేంజరును నా సంగ్రహమునం దున్నాడు. కావున నాటి ఇష్టశత్రువు పాఠము నేడెవరి యిచ్ఛచేతను లోపింపదు. తాళపత్రమున లేఖకుడు ప్రాతపాఠమును గొట్టివేసినను గీత మిగులును. పరిష్కర్త దానిని చదువగలడు. కాంతిఫలకమున గీతయు మిగులదు. అందుచేత పాఠభేదరక్షణము పూర్వముకంటె నిప్పుడే యధికముగా నవసరము.

మన తెలుగువ్యాకరణచరిత్రలో నీ విషయమునకు మంచి యుపమానము గలదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున జెప్పక విడిచినవానిని గూర్చి బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణము వ్రాసిరి. దానికి త్రిలింగలక్షణశేషమని నామాంతరము. శేషమని పేరు పెట్టుటలోనే యాయన వినయమును శాస్త్రనిష్ఠయు గలవు. బాలవ్యాకరణ సూత్రములను దిద్ది, తన పాఠమును సూరిగారి పేర నుంచలేదు. సూరిమత మిది, శేష మిది యని చదువరి యిప్పటికిని వేఱుపఱచి చూడగలడు. 2020 నాటి క్రీడానుబంధగ్రంథము తెలియకయే యీ మార్గమున నడచినది. 2024 కూర్పు ఇష్టశత్రువు విషయమున నీ మార్గమును విడిచినది.

కావున వర్గనియమముల మార్పును విమర్శించువారు "బలము పెరిగినదా, తరిగినదా" యని మాత్రమే యడుగుట చాలదు. మూడు ప్రశ్నలడుగవలయును. ఏ నియమమును ఏ నియమము బాధించుచున్నదో గ్రంథము చెప్పినదా? అర్థము మాఱినచో పేరు మాఱినదా? ప్రాతపాఠము చదువరికి లభ్యముగా నున్నదా? 2008 కూర్పు రెండవ ప్రశ్నకు సరియైన యుత్తరమిచ్చినది. 2020 గ్రంథము మూడింటికి నిచ్చినది. 2024 రేంజరు మూడవదానికి మాత్రమే, అదియును జనులాక్షేపించిన పిమ్మట, ఉత్తరమిచ్చినాడు. రాబోవు కూర్పున నాశక్తికి 'వేటగాని గుఱుతు' అను పేరునే యుంచి, ఇష్టశత్రువను పేరును దాని యర్థముతోడ మఱల దెచ్చుటయో, లేక గౌరవముతో విడిచివేయుటయో యుచితము. పేరు మిగిలి యర్థము పోయిన సంజ్ఞకంటె, అర్థముతోగూడ లోపించిన సంజ్ఞయే శాస్త్రమునకు మేలు. విజ్ఞులు విచారింతురు గాక.